ఎదగడంలో ఉన్న నొప్పి కూడా చెప్పుకుందాం

పరీక్షల ఫలితాలు వచ్చిన నెలలో మన పత్రికలో ఒక పేజీ నిండా పిల్లల ఫొటోలు వస్తాయి. పదిలో ఇన్ని మార్కులు, డిప్లొమాలో ఫస్ట్ క్లాస్, ఫలానా చోట ఉద్యోగం. ఆ పేజీ వస్తే మా గల్లీలో బీడీల చాట పక్కకు జరిపి, జర్దా అంటకుండా వేళ్ళు కొంగుకు తుడుచుకుని చూస్తారు. ఆ గర్వం మనది. దాన్ని తక్కువ చేసే పని లేదు. కానీ ఆ ఫొటోల కింద రాయని సంగతి ఒకటుంది. ఇంట్లో ఒకరు ఎదుగుతుంటే మిగతావాళ్ళకు ఏమవుతుంది, ఎదిగేవాళ్ళకు లోపల ఏమవుతుంది, ఆ బాధకు భయపడి ఎంతమంది సగంలో ఆగిపోతారు? ఈ నెల అది రాస్తాను.

నా గురించి రెండు ముక్కలు. మాది సోలాపూర్ పూర్వభాగం. మా తాత కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చినాయన. నాయిన మిల్లులో సాంచా నడిపాడు. అమ్మ బీడీలు చుట్టింది. నేను ఏడో తరగతి దాకా తెలుగు బడిలో చదివి, మిల్లు మూతపడ్డాక అక్క పక్కన చాట ముందు కూర్చున్నాను. 34వ ఏట 17 నంబర్ ఫారం నింపి పదోతరగతి పరీక్ష రాశాను. తర్వాత నాసిక్ ముక్త విద్యాపీఠం నుంచి ఆదివారం క్లాసులకు పోయి డిగ్రీ చేశాను. ఇప్పుడు యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో లెక్కలు రాస్తున్నాను.

ఎదగడమంటే మెట్లెక్కడం అని సభల్లో చెప్తారు. నాకు మాత్రం ఒక్క ఖోలీ ఇంట్లో మంచం జరిపినట్టు అనిపించింది. మంచం జరపాలంటే ముందు పెట్టె జరగాలి. పెట్టె జరిగితే బియ్యం డబ్బాకు చోటు పోతుంది. డబ్బా జరిపితే ముసలమ్మ పడుకునే మూల ఇరుకవుతుంది. ఏడుగురు ఒక్క గదిలో బతికిన మనకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఒక్కరు కదిలితే అందరూ కదలాల్సిందే. అడగకుండా కదిలిస్తే ఎవరికైనా కోపమొస్తుంది.

మళ్ళీ ఏమీ రానోళ్ళం కావడం

మొదటి నొప్పి ఇది. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే ఆడమనిషి చేతులు చూడండి. కళ్ళు పిల్లల మీద ఉంటాయి, నోరు పక్కింటావిడతో మాట్లాడుతుంది, వేళ్ళు మాత్రం ఆకు కత్తిరించి, జర్దా నింపి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టేస్తాయి. పదిహేనేళ్ళు అట్లా పనిచేసిన చేతికి పెన్ను ఇస్తే ఆ చెయ్యి ఒక్కసారిగా మొద్దుబారిపోతుంది. నాకు మరాఠీ మాట్లాడటం వచ్చు, బజార్లో బేరమాడి గెలవడం వచ్చు. రాయడం దగ్గరకొచ్చేసరికి హ్రస్వాలు దీర్ఘాలయ్యాయి, దీర్ఘాలు హ్రస్వాలయ్యాయి. పక్కన కూర్చున్న పిల్లకు పదిహేడేళ్ళు. నా నోట్‌బుక్ చూసి నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది.

మొదటిసారి ఫలితాలొచ్చిన రోజు నెట్ దుకాణం పిల్లగాడు దుకాణమంతా వినబడేటట్టు చదివాడు: “ఆంటీ, గణితంలో 28.” పాస్ కావడానికి 35 కావాలి. సాయంత్రానికి గల్లీ అంతా తెలిసింది. జులై పరీక్షకు మళ్ళీ కూర్చున్నాను, ఆ సబ్జెక్టు పోయింది. చిన్నపిల్లలు తప్పితే ఏడుస్తారు, అమ్మ ఊరుకోబెడుతుంది. ఇద్దరు పిల్లల తల్లి తప్పితే ఊరుకోబెట్టేవాళ్ళు ఎవరు? పెద్దయ్యాక నేర్చుకోవడంలో కష్టమంతా పాఠంలో ఉండదు. నలుగురిలో మళ్ళీ ఏమీ రానిదానిలాగా నిలబడటంలో ఉంటుంది.

ఇది చదువుకే కాదు, పనికీ అంతే. సోలాపూర్‌లో మొదటి మిల్లు 1877లో పెట్టారు. అప్పటి నుంచి మూడు నాలుగు తరాలు భోంగా మోతకు లేచి, భోంగా మోతకు తిన్నారు. బొంబాయిలో 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు 2.5 లక్షల మంది కార్మికులు దిగారు. వాళ్ళలో ఎంతోమంది మళ్ళీ గేటు లోపలికి పోలేదు. మన ఊళ్ళోనూ తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అప్పుడు “కొత్త పని నేర్చుకోండి” అని అందరూ చెప్పారు. ఆ చెప్పినవాళ్ళకు కొత్త పని నేర్చుకోవడం ఎట్లుంటదో తెలుసా అని నాకు అనుమానం.

మా వరుసలో ఒక పెదనాయిన ఉన్నాడు. పేరు రాయొద్దన్నాడు. మిల్లులో ఇరవై ఏళ్ళకు పైగా సాంచా నడిపాడు. షెడ్డులో అంత మోతలో కూడా పోగు తెగితే చప్పుడు మారింది చూడు అని పట్టేవాడట. మిల్లు పోయాక 48 ఏళ్ళ వయసులో యూనిఫాం కుట్టే కార్ఖానాలో చేరాడు. పని నేర్పింది ఆయన కొడుకు ఈడు పిల్లగాడు. కాలర్ వంకర పోతే ఆ పిల్లగాడే విప్పించి మళ్ళీ కుట్టించేవాడు. “తిట్టలేదు బిడ్డా, తిడితే బాగుండు. ‘పర్వాలేదు కాకా, మెల్లగ వస్తది’ అనేటోడు. అది విని ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాకపోయేది” అన్నాడు పెదనాయిన.

ఆయన ఇప్పుడు బాగానే కుడతాడు. అయినా సాంచా చప్పుడు గురించి మాట్లాడినప్పుడు ఆయన ముఖం వేరుగా ఉంటుంది. కొత్త విద్య వచ్చింది గానీ, పాత విద్యకు విలువ పోయిన బాధ పోలేదు. ఆ రెండూ ఒకే మనిషిలో పక్కపక్కనే ఉంటాయి. ‘ఇప్పుడు బాగానే ఉన్నావు గదా, ఇంకా ఎందుకు తల్చుకుంటవ్’ అని ఆయన్ని అనొద్దు.

కనబడనివి కనబడటం

రెండో నొప్పి ఇంకా లోతైంది. చదువు వచ్చాక కొన్ని కొత్తగా కనబడతాయి. కనబడ్డాక ఊరికే ఉండలేం.

మా అక్క బిడ్డ పెళ్ళికి పీఎఫ్‌లోంచి డబ్బు తీయాలనుకుంది. కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. అంతకుముందు ఆ కాగితం మాకు ఇంగ్లీషు గీతల బొమ్మ లాంటిది. ఇప్పుడు నెలల పేర్లు, ఏ నెలకు ఎంత జమ, అన్నీ చదవగలిగాను. అక్క బీడీలు ఇచ్చిన కొన్ని నెలలకు అందులో జమే లేదు. ఆ నెలల్లో తెల్లారి బుట్ట నెత్తిన పెట్టుకుని కార్ఖానా ముందు వరుసలో నిలబడ్డది నాకు తెలుసు, నేను ఆమె వెనకాలే ఉన్నాను.

అక్కను అడిగే పోయాను, ఆమెను వెంటబెట్టుకుని. మునీంకు కాగితం చూపించి, ఈ నెలలు ఏవి అని అడిగాను. గట్టిగా మాట్లాడలేదు. ఆయన కాగితం చూడలేదు, నన్ను చూశాడు. “ఎక్కడిదాకా చదివినవమ్మా?” అన్నాడు.

ఆ తర్వాత ఆరు వారాలు అక్కకు వచ్చిన ఆకు చూడాలి. చిన్నది, ఎండి విరిగేది, తూట్లు పడ్డది. వెయ్యికని ఇచ్చిన ఆకులో ఎనిమిది వందలు కూడా రాలేదు. మిగతాదానికి బజార్లో సొంత డబ్బుతో ఆకు కొన్నది. చుట్టి తీసుకుపోతే గుప్పెళ్ళు గుప్పెళ్ళు పక్కకు ఏరేశారు. అప్పటికి నేను బీడీ పని వదిలి యూనిఫాం కార్ఖానాలో కూర్చుంటున్నాను. అడిగింది నేను, పాడాకు వచ్చింది ఆమెకు. యూనియన్ వాళ్ళు మధ్యలోకి వచ్చాక కొన్ని నెలల జమ ఎక్కింది, అన్నీ ఎక్కలేదు.

ఒకరోజు అక్క నా ముఖం చూడకుండా అన్నది: “నీకు ఇంగ్లీషొచ్చింది, నాకు పాడాకొచ్చింది.”

జవాబు చెప్పలేదు. అడగడం సరైన పనే, ఇప్పుడైనా అడుగుతాను. అక్క చెప్పిందీ నిజమే. రెండూ నిజాలైనప్పుడు ఒకదాన్ని పట్టుకుని ఇంకోదాన్ని కొట్టలేం. మన పిల్లలకు ‘చదువుకుంటే అన్యాయాన్ని అడగొచ్చు’ అని చెప్తాం. అడిగిన దెబ్బ అడిగినవాళ్ళ మీదనే పడాలని లేదు, ఇంకా ఆ గేటు ముందు నిలబడ్డవాళ్ళ మీద పడొచ్చని కూడా చెప్పాలి. అందుకే ఒక్కరు పోయి అడగడం కంటే పదిమంది కలిసి పోవడం మంచిదని మా అమ్మల తరం యూనియన్లు కట్టింది. సోలాపూర్‌లో బీడీ కార్మిక మహిళల కోసం కుంభారీలో 10,000 ఇళ్ళ కాలనీ లేచి 2006లో చేతికి వచ్చిందంటే, అది ఒక్కరు చదివి అడిగితే వచ్చింది కాదు.

ఇంట్లో జరిగే లెక్క

నా భర్త టవల్ సాంచాల మీద పని చేస్తాడు. నేను చదువుతానంటే వద్దనలేదు, చెయ్యెత్తలేదు. మాట మాత్రం తగ్గించాడు. చాలా రోజులు నాకు కారణం అర్థం కాలేదు. ముందు రేషన్ కాగితమైనా, బ్యాంకు కాగితమైనా ఆయన తీసుకుపోయి, తెలిసినవాళ్ళతో నింపించి, పని అయ్యాక ఇంటికి వచ్చి ‘అయిపోయింది’ అనేవాడు. ఆ ఒక్క మాటలో ఇంటి పెద్దరికం ఉండేది. నేను నింపడం మొదలుపెట్టాక ఆ మాటకు పని లేకుండా పోయింది. ఒకసారి భోజనం దగ్గర అననే అన్నాడు: “ఇంక నన్నేం అడుగుతవ్ తీ.”

కోపంతో అన్న మాట కాదది. తన చోటు ఏదని వెతుక్కుంటున్న మనిషి మాట. కుదురుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు కాగితాలు నేను నింపుతాను, పోయి నిలబడే పని ఆయన చేస్తాడు. ఆఫీసులో మాట్లాడటం ఆయనకే బాగా వచ్చు. కానీ ఆ రెండేళ్ళు ఎట్లా గడిచాయో ఏ సర్టిఫికెట్ మీదా ఉండదు.

మా అత్త సంగతీ చెప్పాలి. “కోడలు పుస్తకం పడితే అత్త రొట్టెలు కొట్టాల్నా?” అని వాకిట్లో అందరి ముందూ అన్నది. అన్నది గానీ, పరీక్షల ముందు మూడు నెలలు పొద్దున్నే లేచి మోకాళ్ళ నొప్పితోనే జొన్నరొట్టెలు చేసింది. ఆమె సణుగుడు గుర్తుపెట్టుకుని రొట్టెలు మర్చిపోవడం చాలా సులువు. ‘ఎవరూ నాకు సాయం చేయలేదు, నా అంతట నేను పైకొచ్చాను’ అని చెప్పే మనుషుల ఇళ్ళలో ఇట్లా రొట్టెలు చేసిన చేతులు ఎన్ని ఉంటాయో.

మా బంధువుల పిల్లగాడు ఒకడు పూణేలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు. నారళీ పౌర్ణమికి మార్కండేయ రథం చూడటానికి తప్పకుండా వస్తాడు. పోయినసారి నాతో అన్నాడు: “అత్తా, అక్కడ నా మరాఠీ విని సోలాపూరోడు అంటరు, నా ఇంగ్లీషు విని నవ్వుతరు. ఇక్కడికొస్తే నాయిన నన్ను ‘మీరు’ అంటుండు.” కన్న కొడుకును తండ్రి ‘మీరు’ అనడం చూడటానికి మర్యాదే. ఆ పిల్లగాడికి మాత్రం ఇంటి తలుపు సగం మూసినట్టు వినబడింది. స్నేహితులను ఇంటికి తీసుకురాడు. సిగ్గా అంటే కాదంటాడు. కాసేపు ఆగి, “ఎంతో కొంత అదే కావచ్చు” అంటాడు. తను తిన్న కంచం చూసి సిగ్గుపడటం, సిగ్గుపడ్డందుకు మళ్ళీ తనమీద తనకే కోపం రావడం, ఎదిగే పిల్లలు ఎవరికీ చెప్పుకోని బాధ ఇది. తిడితే పోదు. వాళ్ళంతట వాళ్ళు చెప్పేదాకా ఆగి వింటే కొంచెం తగ్గుతుంది.

పెద్దవాళ్ళ కథలోనూ ఇంటి బాధ ఉంది

మనం ఉంటున్న ఈ రాష్ట్రంలోనే జ్యోతిరావు, సావిత్రీబాయి ఫూలే 1848లో పూణే భిడే వాడలో ఆడపిల్లల బడి పెట్టారు. సావిత్రీబాయి బడికి పోతుంటే జనం పేడ, మట్టి విసిరారని, ఆమె ఇంకో చీర వెంట తీసుకుపోయేదని మన పిల్లలు బడిలో చదువుతారు. వీధి సంగతి అందరికీ తెలుసు. ఇంటి సంగతి తక్కువ చెప్తారు. ఊరి ఒత్తిడికి తట్టుకోలేక 1849లో జ్యోతిరావు తండ్రి గోవిందరావు కొడుకును, కోడలిని ఇల్లు వదిలి పొమ్మన్నాడు. వాళ్ళు స్నేహితుడు ఉస్మాన్ షేక్ ఇంట్లో తలదాచుకున్నారు.

ఆ కొడుకును బడికి పంపింది ఆ తండ్రే. ఆయన్ని దుర్మార్గుడని ఒక్క మాటలో తీసిపారేయలేం. కులంలో బతకాలి, వ్యాపారం నడవాలి, భయం ఉంది. మన గల్లీలో ‘చదివింది చాలు తీ’ అనే తండ్రుల్లో, అత్తల్లో ఎక్కువమందిది ఈ భయమే. భయపడేవాళ్ళ మాట విని ఆగనక్కర్లేదు. వాళ్ళను శత్రువులనీ అనుకోనక్కర్లేదు.

ఏ నొప్పి ఓర్చుకోవాలి, ఏది ఓర్చుకోకూడదు

మా వరుసలోనే ఒక కోడలు ఫారం నింపి, ఫీజు కట్టి, పరీక్షకు పోలేదు. ‘మేడం వచ్చింది, జరగండే’ అని తోటివాళ్ళు పరాచకాలాడారు. ఆమె నాతో, “చదవనప్పుడు నాకు పదిమంది ఉండిరి, చదువుతుంటే ఎవ్వరు లేరు” అన్నది. ఆ ఒంటరితనం నాకూ తెలుసు. పాత గుంపులో మాట కలవదు, కొత్త గుంపు ఇంకా రానివ్వదు. ఆ మధ్యలో చాలామంది వెనక్కి తిరుగుతారు. తెలివి తక్కువై తిరగరు, తోడు లేక తిరుగుతారు. అందుకే ఒక గల్లీ నుంచి ఒక్కరు కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి మొదలుపెట్టండి. తప్పినా కలిసి తప్పుతారు, నవ్వుకోవడానికైనా మనిషి ఉంటుంది.

ఒక తేడా మాత్రం గట్టిగా చెప్పాలి. సిగ్గు, ఒంటరితనం, ఇంట్లో ముభావం, చేయి తిరగకపోవడం, ఇవి ఎదిగేటప్పుడు వచ్చే నొప్పులు. కొన్నాళ్ళు ఓర్చుకోవచ్చు. పుస్తకం పట్టుకున్నందుకు కొట్టడం, అన్నం పెట్టకపోవడం, సంపాదించిన పగార్ గుంజుకోవడం, ఇవి ఆ లెక్కలోకి రావు. ‘ఎదగాలంటే బాధ తప్పదు’ అని వాటిని మింగొద్దు. తల్లిగారింటికైనా, యూనియన్‌కైనా, పోలీసు స్టేషన్‌కైనా పోయి చెప్పాలి.

ఇంకొకటి. ఎదిగినవాళ్ళకూ బాధ్యత ఉంది. మన కాగితం మనం చదువుకోవడం వచ్చాక పక్కింటి కాగితం చదివి పెట్టేటప్పుడు ‘ఇది కూడా తెల్వదా?’ అనొద్దు. ఆ ఒక్క మాట పది మందిని బడి గడపకు దూరం చేస్తుంది.

మహారాష్ట్రలో ఉన్న మనవాళ్ళకు: బడి మానేసినవాళ్ళు, ఐదో తరగతి పాసై 14 ఏళ్ళు నిండి ఉంటే 17 నంబర్ ఫారంతో బయటి నుంచి పది రాయొచ్చు. తారీఖులు ఏటా బోర్డు ప్రకటిస్తుంది, దగ్గరి హైస్కూల్లో అడిగితే చెప్తారు. పన్నెండు లేకపోయినా 1989లో పెట్టిన యశ్వంతరావ్ చవాన్ ముక్త విద్యాపీఠంలో ముందు తయారీ కోర్సు చేసి డిగ్రీలో చేరే దారి ఉండేది, ఇప్పుడు ఉందో లేదో అక్కడే అడిగి తెలుసుకోండి. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది, తల్లి గుర్తింపు కార్డు జాగ్రత్తగా పెట్టుకోండి.

మా అక్క ఇప్పటికీ మా ఇంటికి రావడం తక్కువ. పండక్కి కలుస్తాం, పిల్లల సంగతులు మాట్లాడుకుంటాం. ఆకు సంగతి మాత్రం ఇద్దరం ఎత్తం. పోయిన నెల ఆమె చిన్నబిడ్డ స్కాలర్‌షిప్ కాగితాలు పట్టుకుని వచ్చింది. “అమ్మ నీతోనే నింపించుకు రమ్మన్నది పిన్నీ. ఏ గడిల ఏం రాయాల్నో నాకు నేర్పుమన్నది, నువ్ రాయొద్దన్నది.” ఇద్దరం చాప మీద కూర్చున్నాం. పిల్ల రాసింది, నేను చూశాను. రెండు చోట్ల కొట్టివేతలు పడ్డాయి, ఇంకో ఫారం తెచ్చుకుని మళ్ళీ రాసింది.